గోడపత్రిక నుంచి వెబ్ పేజీ దాకా

స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం రాయమని కమిటీ మిత్రుడు ఫోన్ చేసినప్పుడు బడి జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. "అవి అందరూ రాస్తున్నార్రా. నువ్వు నీ ఉద్యోగం గురించి రాయి. ఇప్పుడు పదో తరగతి పిల్లల్ని అడిగితే సగం మంది సాఫ్ట్‌వేర్ అంటున్నారు. లోపల ఏముంటుందో చెప్పు" అన్నాడు. అందుకని ఇది కొంత చరిత్ర, కొంత నా సొంత గోడు.

నేను 1986 పదో తరగతి బ్యాచ్. చదివింది మెకానికల్ ఇంజనీరింగే అయినా, 1998 నుంచి చేస్తున్నది ఫ్రంట్ ఎండ్ పని. మీరు రైలు టికెట్ బుక్ చేసేటప్పుడు తెర మీద కనిపించే గళ్లు, బటన్లు, తారీఖు ఎంచుకునే క్యాలెండరు, పేరు రాయడం మరిచిపోతే ఎర్రక్షరాల్లో వచ్చే హెచ్చరిక, అవన్నీ తయారుచేసేవాళ్లం మేము. సీటు ఉందో లేదో చూసి లెక్క కట్టేవాళ్లు వెనకాల వేరే ఉంటారు. మా అమ్మ ఇరుగుపొరుగు వాళ్లకి "మావాడు కంప్యూటర్లో బొమ్మలేస్తాడు" అని చెప్పేది. ఆఫీసుల్లో కూడా చాలాకాలం మా గురించి అనుకున్నది అదే. కాకపోతే అమ్మ గర్వంగా చెప్పేది.

హెడ్మాస్టరు గారి గది బయట గోడపత్రిక ఉండేది, చాలామందికి గుర్తుండే ఉంటుంది. తొమ్మిదో తరగతిలో దాన్ని రాసే పని నాకూ మరో ఇద్దరికీ అప్పగించారు. డ్రాయింగ్ మాస్టారు డ్రాయింగ్ షీటుకి నాలుగు వైపులా రెండేసి వేళ్ల మార్జిన్ వదలమనేవారు. వదలకపోతే అక్కడే చించేసేవారు. శీర్షిక ఎంత పెద్దది ఉండాలి, రెండు వరసల మధ్య ఎంత జాగా ఉండాలి, బొమ్మ ఎటు పక్క పెడితే చదివేవాడి కన్ను ఎటు పోతుంది, ఇవన్నీ ఆయన స్కేలు పట్టుకుని చూపించారు. పదమూడేళ్ల తర్వాత ఇవే సంగతులకి ఇంగ్లీషు పేర్లు పెట్టి నాకు ఫీజు తీసుకుని నేర్పారు.

వెబ్ పుట్టింది జెనీవా దగ్గర సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలో. అక్కడ పనిచేసే టిమ్ బెర్నర్స్-లీ 1989 మార్చిలో ఒక ప్రతిపాదన రాశాడు. వేర్వేరు కంప్యూటర్లలో పడివున్న పత్రాలను ఒకదానితో ఒకటి ముడివేయడం దాని సారాంశం. 1991 ఆగస్టులో బయటి ప్రపంచానికి తెలియజేశాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఈ సాంకేతికతను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. ఆ ఒక్క కాగితం లేకపోతే నాకు ఈ ఉద్యోగం ఉండేది కాదు. తొలి పేజీల్లో అక్షరాలు, లింకులు తప్ప ఏమీ లేవు. రంగూ, అక్షరాల సైజూ చదివేవాడి కంప్యూటరు ఇష్టం. 1993లోనే ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో తయారైన మొజాయిక్ బ్రౌజరు అక్షరాల పక్కనే బొమ్మ చూపించింది. ఇక అక్కణ్నుంచి పేజీ ఎలా కనబడాలన్నది ఒక పని అయిపోయింది. పని అన్నాక దానికి మనుషులు కావాలి, గడువులు కావాలి.

1994 డిసెంబరులో నెట్‌స్కేప్ నావిగేటర్ వచ్చింది. మరుసటి ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ దింపింది. ఇద్దరూ పోటాపోటీగా ఒకరికి లేని హంగు మరొకరు చేర్చుకుంటూ పోయారు. పేజీ అలంకరణను విడిగా రాసుకునే పద్ధతి, సీఎస్‌ఎస్, 1994 అక్టోబరులో హాకోన్ వియుమ్ లీ ప్రతిపాదిస్తే, 1996 డిసెంబరుకి గాని ప్రమాణంగా ఖరారు కాలేదు. ఈలోపు 1995 మేలో బ్రెండన్ ఐక్ నెట్‌స్కేప్ కోసం ఒక భాష తొలి రూపాన్ని పది రోజుల్లో రాసిచ్చాడు. అదే జావాస్క్రిప్ట్. ఈ రోజు దాదాపు ప్రతి వెబ్ సైటూ దాని మీదే నడుస్తోంది. ఆ తొందరలో పడిన కొన్ని వంకర్లు ముప్పై ఏళ్లయినా అలాగే ఉన్నాయి, సరిచేస్తే పాత పేజీలు పాడవుతాయని. ఆ పది రోజుల కథ మా వృత్తిలో పురాణంలా చెబుతారు. నేను పనిచేసిన ఒకచోట మేనేజరు, "అతను పది రోజుల్లో భాషే రాశాడు, మీకు ఒక్క పేజీకి రెండు వారాలు కావాలా?" అని అడిగేవాడు. నవ్వుతూనే అడిగేవాడు. మేమూ నవ్వి రాత్రి ఉండిపోయేవాళ్లం.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న, వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా. నేను అమీర్‌పేటలో కోర్సు చేసి 1998లో ఒక రెండు గదుల కంపెనీలో చేరాను. ఆ నవంబరులోనే మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజపేయి ప్రారంభించారు. మేము టీవీలో చూసి ఇక మన రోజులొచ్చాయనుకున్నాం. పేజీ కట్టడమంటే అప్పట్లో పట్టికలు పేర్చడం. పట్టికలో పట్టిక, అందులో మరో పట్టిక. ఎక్కడైనా జాగా వదలాలంటే కంటికి కనబడని ఒక పిక్సెల్ బొమ్మను సాగదీసి పెట్టేవాళ్లం. మాస్టారి రెండు వేళ్ల మార్జిన్‌ను నేను అలా దొంగబొమ్మతో వదిలాను.

2000 మార్చి 10న అమెరికాలో నాస్‌డాక్ సూచీ శిఖరానికి చేరి, అక్కణ్నుంచి జారడం మొదలుపెట్టింది. ఏడాది తిరగకుండా మా రెండు గదులకీ తాళం పడింది. మూడు నెలల జీతం రాలేదు. నేను ఊరొచ్చి "సెలవు పెట్టాను" అని అబద్ధం చెప్పి నెలన్నర ఉన్నాను. నాన్నకి తెలిసిపోయింది గాని అడగలేదు. రోజూ పొద్దున్నే కాలవ గట్టు దాకా నాతో నడిచేవాడు.

తర్వాత వచ్చిన కాలాన్ని మా తరం ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఆరు కాలం అంటుంది. ఇది 2001లో వచ్చింది. అప్పటికి పోటీలో నెట్‌స్కేప్ ఓడిపోయింది. పోటీ లేకపోయేసరికి తర్వాతి వెర్షన్ రావడానికి ఐదేళ్లు, అంటే 2006 అక్టోబరు దాకా పట్టింది. ఈ ఐదేళ్లూ దాని తప్పుల్ని మేము మోశాం. ఉదాహరణకి ఒకటి చెబుతాను. ఒక గడి వెడల్పు 200 పిక్సెళ్లు, లోపల రెండు పక్కలా 20 చొప్పున ఖాళీ అనుకోండి. ప్రమాణం ప్రకారం మొత్తం 240 అవ్వాలి. పాత ఎక్స్‌ప్లోరరు ఖాళీని కూడా 200లోనే కలిపేసేది. ఆరో వెర్షనులో ఇది బాగుపడింది, కానీ పేజీ మొదటి వరసలో ఫలానా ప్రకటన రాస్తేనే. మరిచిపోతే మళ్లీ పాత లెక్క. ఒక పక్కకి ఒరిగించిన గడికి మార్జిన్ ఇస్తే రెట్టింపు చేసేది. దానికి విరుగుడు, ఆ గడితో ఏ సంబంధమూ లేనట్టుండే ఒక మాట చేర్చడం. ఎందుకు పనిచేస్తుందో మాలో ఎవరికీ తెలియదు, పనిచేసేది. చేతబడికి నిమ్మకాయ లాంటిది.

తెలుగు పేజీల సంగతి ఇంకో గొడవ. పత్రికలు ఒక్కోటీ సొంత ఫాంటు వాడేవి. ఆ ఫాంటు దించుకోకపోతే తెర మీద పిచ్చిగీతలే. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికినా, విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు వచ్చాకే సామాన్యుడి కంప్యూటర్లో అది కంటికి కనబడింది. తర్వాత పోతన, వేమన ఫాంట్లు, లేఖిని లాంటి పనిముట్లు ఊరికే పంచిపెట్టినవాళ్లు వచ్చారు. పగలు ఉద్యోగం చేసుకుని రాత్రిళ్లు చేసినవాళ్లే అందులో ఎక్కువ. ఆ రాత్రుల మీద నాకు ఫిర్యాదు లేదు. నా రాత్రులు వేరు.

మా క్లయింటు కాలిఫోర్నియాలో ఉండేవాడు. వేసవిలో వాళ్లకీ మనకీ పన్నెండున్నర గంటలు తేడా, చలికాలంలో పదమూడున్నర. వాళ్లకి పొద్దున తొమ్మిదైతే మనకి రాత్రి తొమ్మిదిన్నర, లేదా పదిన్నర. పగలు పని, రాత్రి మీటింగు, మీటింగులో చెప్పిన మార్పులు తెల్లారేలోపు. ఫ్రంట్ ఎండ్‌కి ఇందులో ఒక ప్రత్యేకమైన తిప్పలుంది. ప్రాజెక్టులో మేము చివరివాళ్లం. డిజైను ఆలస్యమవుతుంది, వెనకాల వాళ్ల పని ఆలస్యమవుతుంది, విడుదల తేదీ మాత్రం కదలదు. మిగిలిన నాలుగు రోజుల్లో అందరి ఆలస్యాన్నీ మేము మింగాలి. పైగా మా పని అందరి కంటికీ కనబడుతుంది. డేటాబేసు గురించి మాట్లాడని పెద్దలు కూడా బటన్ రంగు గురించి మాట్లాడతారు.

2009లో ఒక రాత్రి మీటింగు మధ్యలో ఛాతీ పట్టేసింది. ఊపిరాడలేదు, చేతులు చల్లబడ్డాయి. మా ఆవిడ ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఈసీజీ మామూలుగానే ఉంది. డ్యూటీ డాక్టరు, మా అమ్మాయి కంటే నాలుగైదేళ్లు పెద్దదిలా ఉంది, "రాత్రి ఎన్ని గంటలు పడుకుంటారండీ?" అని అడిగింది. నాలుగు అన్నాను. "ఎన్నాళ్లుగా?" లెక్కపెట్టుకుంటే ఆరేళ్లు. ఆమె మానసిక వైద్యుణ్ని కలవమని చీటీ రాసింది. ఆ చీటీ చొక్కా జేబులోనే ఉతుకులోకి వెళ్లిపోయింది. గుండెకేం కాలేదు, అంతే చాలనుకున్నాను. ఆఫీసులో గ్యాస్ట్రిక్ అని చెప్పాను.

పని మనిషిని లోపల కాల్చేయడాన్ని బర్నౌట్ అంటారని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఈ మాట కంప్యూటర్ల దగ్గర పుట్టలేదు. న్యూయార్క్‌లో ఒక ఉచిత వైద్యశాలలో పనిచేసిన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త 1974లో దీని మీద వ్యాసం రాశాడు. ఆయన చూసింది సోమరుల్ని కాదు, మనసు పెట్టి పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తల్ని. 1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ దీన్ని కొలిచే ప్రశ్నావళి తయారుచేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన నిర్వచనంలో మూడు లక్షణాలున్నాయి. ఒంట్లో శక్తి ఇంకిపోవడం, పని మీద విరక్తి, ఎంత చేసినా ఏమీ చేయలేకపోతున్నానన్న భావన. దీన్ని జబ్బుగా కాక, ఉద్యోగం వల్ల కలిగే స్థితిగా వాళ్లు వర్గీకరించారు. ఆ తేడా నాకు ముఖ్యమనిపించింది. జబ్బయితే మనిషికి మందు వేసి ఊరుకోవచ్చు. ఉద్యోగం వల్లనైతే ఉద్యోగాన్ని చూడాలి.

మా పని మాత్రం ఆగలేదు. 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చి, పేజీ మొత్తం మళ్లీ తెరవకుండానే లోపల కదలగలదని చూపించింది. 2006లో జాన్ రెసిగ్ ఇచ్చిన జేక్వెరీ నిజంగా ఉపకారం చేసింది, బ్రౌజర్ల తేడాలు చాలావరకు అదే చూసుకునేది. 2007లో ఐఫోన్. 2010లో ఈథన్ మార్కాట్ అన్ని సైజుల తెరలకీ సర్దుకునే పేజీ ఎలా కట్టాలో రాశాడు. అందమైన ఆలోచన. అదివరకు ఒక పేజీని మూడు బ్రౌజర్లలో సరిచూసేవాళ్లం, ఇప్పుడు పది తెరల్లో.

అసలు ఒత్తిడి 2013 తర్వాత. ఫేస్‌బుక్ రియాక్ట్‌ను 2013లో అందరికీ విడుదల చేసింది, 2014లో వ్యూ వచ్చింది. అంతకుముందే ఉన్న గూగుల్ వారి యాంగ్యులర్ 2016 సెప్టెంబరులో పూర్తిగా కొత్త అవతారమెత్తింది. పాతదానిలో రాసింది కొత్తదానిలో నడవదు. పేరు ఒకటే, మనిషి వేరు. ఉద్యోగ ప్రకటనల్లో మూడూ వచ్చి ఉండాలనేవారు. ఆదివారాలు కోర్సులకి పోయేవి. నేర్చుకున్నది చేతికి అలవాటయ్యేలోపు పాతదైపోయేది. ఆ కట్టడం ఎంత పలచని పునాది మీదుందో 2016 మార్చి 22న తెలిసింది. లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు వరసల చిన్న ముక్కను దాని రచయిత, ఒక పేరు మీద వచ్చిన తగాదాలో, ఉమ్మడి భాండాగారం నుంచి తీసేసుకున్నాడు. అక్షరాలకి ఎడమపక్క ఖాళీలు చేర్చడం తప్ప అది చేసే పనేమీ లేదు. దాని మీద ఆధారపడిన పెద్ద పెద్ద ప్రాజెక్టులు ప్రపంచమంతా నిలిచిపోయాయి. కొన్ని గంటల్లో తిరిగి పెట్టారనుకోండి. జీతం లేకుండా ఎవరో రాసి ఊరికే పెట్టిన వాటి మీద మేమంతా బతుకుతున్నామని ఆ రోజు చాలామందికి మొదటిసారి తట్టింది.

ఇక రాయడానికి వెనకాడిన సంగతి. సరిగ్గా ఆ రోజుల్లోనే మా బృందం పాత యాంగ్యులర్ నుంచి కొత్తదానికి మారే పని ఎత్తుకుంది. దానికి నేను నాయకుణ్ని. అందులో మన బడి కుర్రాడొకడున్నాడు, నాకంటే ఇరవై ఏళ్లు చిన్న. మన బడి అని తెలిసి నేనే సిఫారసు చేసి చేర్చుకున్నాను. ఆఫీసులో మిగతా అందరూ నన్ను పేరు పెట్టి పిలిస్తే వాడు "అన్నా" అనేవాడు. ఎంత పనిచ్చినా "అయిపోతుందన్నా" అనేవాడు. నేను మురిసిపోయేవాణ్ని. మీటింగుల్లో వాణ్ని చూసి నేర్చుకోమని మిగతావాళ్లకి చెప్పాను కూడా.

2017 మే నెలలో ఒక పొద్దున వాళ్ల నాన్న ఫోన్ చేశారు. బస్టాండు దగ్గర కిరాణా కొట్టాయన. "సార్, మావాడు వారం నుంచి తలుపు తీయట్లేదంటున్నారు రూములోవాళ్లు. నేను హైదరాబాదు వస్తున్నా. వాడు మీ మాట వింటాడు, మీరొకసారి వెళ్లరా" అన్నారు. వెళ్లాను. తలుపు తీశాడు. గదిలో పగలే చీకటి. ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. "ఇంకొంచెం ఉందన్నా, అయిపోతుంది" అన్నాడు. తెర చూశాను. మూడు రోజుల క్రితం వేరేవాళ్లు పూర్తిచేసిన పని అది.

వాళ్ల నాన్న ఊరు తీసుకెళ్లారు. వైద్యం చేయించారు, మందులు వాడాడు, ఎనిమిది నెలలు కంప్యూటరు ముట్టలేదు. మా కంపెనీ వాడి చోటులో నెలలోపే ఇంకొకర్ని తీసుకుంది. విడుదల తేదీ మారలేదు. ఆ తేదీకి ఒప్పుకున్నవాణ్ని నేనే. కుదరదని చెప్పే అధికారం ఉన్నవాణ్నీ నేనే. 2009లో నాకు దొరికిన చీటీ నేను వాడుకోలేదు. కనీసం ఆ ముఖం ఎలా ఉంటుందో గుర్తుపట్టడానికైనా అది నాకు పనికిరావలసింది.

ఈ వ్యాసం రాసే ముందు వాడికి ఫోన్ చేసి చదివి వినిపించాను. నేను మొదట "రెండు వారాలుగా బాగాలేడు" అని రాశాను. వాడు ఆపాడు. "రెండు వారాలు కాదన్నా, ఆరు నెలలు. సంక్రాంతికి ఇంటికి రాకపోవడం కూడా అందుకే. అది రాయండి. నా పేరు మాత్రం వద్దు." రాశాను.

ఆ తర్వాతి ఫిబ్రవరిలో ఒక వింత జరిగింది. మన "జ్ఞా" అక్షరాన్ని ఎవరైనా మెసేజీలో పంపితే ఐఫోన్ అప్లికేషన్లు కుప్పకూలిపోయాయి. తెలుగులో అక్షరాలు వరసగా రావు కదా, ఒకదాని కింద ఒకటి ఒత్తుగా చేరతాయి. ఆ కూర్పు చేసే భాగంలో లోపం. 2018 ఫిబ్రవరి 19న యాపిల్ 11.2.6 వెర్షను విడుదలచేసి సరిదిద్దింది. ఆఫీసులో ఒకటే నవ్వులు. "జ్ఞానం భరించలేకపోయింది" అని మన తెలుగు మాస్టారైతే రెండు రోజులు చెప్పుకునేవారు. నేనూ నవ్వాను. ఆ రాత్రి మాత్రం, ఆ లోపం ఎవరి చేతుల్లో బయటపడిందో, ఆ మనిషి ఆ వారం పడుకున్నాడో లేదో అనిపించింది. అంతకుముందు నాకు అలాంటి ఆలోచన వచ్చేది కాదు.

నేను సంస్కర్తనేమీ అవలేదు. నా బృందం వరకు కొన్ని మార్చాను. రాత్రి మీటింగు వారానికి రెండే. రాత్రి మేల్కొన్నవాళ్లు మర్నాడు మధ్యాహ్నం దాకా రారు. "అయిపోతుంది" అంటే ఎప్పటికి, ఎలా అని అడుగుతాను, వాళ్లు విసుక్కున్నా సరే. తేదీ కుదరకపోతే క్లయింటుకి ముందే చెబుతాను. దీనికి నాకొక పదోన్నతి పోయింది, అదేమంత పెద్ద లెక్క కాదు. పైవాళ్లతో మాట్లాడేటప్పుడు ఒక లెక్క చేతిలో పెట్టుకుంటాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రచురించినది. వారానికి 55 గంటలు, అంతకుమించి పనిచేసేవాళ్లకి, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. అంకెలు చూపిస్తే వింటారు. మనుషుల్ని చూపిస్తే అంతగా వినరు, ఎందుకో.

ఈ సంచిక చేతిలో పట్టుకున్న పిల్లల్లో ఎవరైనా ఇప్పుడే హైదరాబాదులోనో బెంగళూరులోనో అలాంటి గదిలో ఉంటే, 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అది. డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. లేదా సంఘం కార్యదర్శి దగ్గర నా నంబరు ఉంది. రాత్రి అయినా ఫరవాలేదు.

ఆ కుర్రాడు ఇప్పుడు ఊళ్లోనే ఉండి ఒక చిన్న సంస్థకి ఇంటి నుంచి పనిచేస్తున్నాడు. సాయంత్రం ఆరుకి ల్యాప్‌టాప్ మూసి కొట్లో కూర్చుంటాడు. మన సంఘానికి వెబ్ సైటు కావాలని కార్యవర్గం అడిగితే ఇద్దరం కలిసి కడుతున్నాం. ఏ ఫ్రేమ్‌వర్కూ లేదు, మామూలు హెచ్‌టీఎంఎల్, కాస్త సీఎస్‌ఎస్. పాత ఫోనులోనూ తెరుచుకుంటుంది. నాలుగు పక్కలా మార్జిన్ బాగా వదిలాం. ఎప్పటికి అవుతుందని కార్యదర్శి అడిగితే వాడు "తేదీ చెప్పలేమండీ, అయ్యాక చెబుతాం" అన్నాడు.

అందులో గోడపత్రికకి ఒక పేజీ ఉంచాం, అది ఖాళీగా ఉంది. పాత గోడపత్రికల ఫోటోలు ఎవరి దగ్గరైనా ఉంటే, చిరిగినవైనా సరే, కార్యదర్శికి అందజేయండి. 1984–85 నాటివి ఒక్కటీ దొరకలేదు.